మూడుమార్లు దారి మార్చుకొన్న వైద్యురాలు

శిశువు జన్మించిన నిమిషానికి, మరల అయిదు నిమిషాలకు ప్రసూతి గదిలో కేసు షీటుపై ఒక అంకె వేస్తారు. అది అప్గార్ స్కోరు. హౌస్ సర్జనుగా ఉన్నప్పుడు ఆ అంకెను నేనెన్నిసార్లు వేశానో లెక్క లేదు. అప్గార్ అనేది ఒక మనిషి పేరని, ఆమె శస్త్రవైద్యురాలు కావాలని బయలుదేరి కాలేకపోయిన వ్యక్తి అని చాలా ఏళ్ళ తర్వాత గాని నాకు తెలియలేదు.

వర్జీనియా అప్గార్ 1909లో అమెరికాలోని న్యూజెర్సీలో జన్మించారు. 1933లో న్యూయార్కులోని కొలంబియా వైద్య కళాశాలలో చదువు ముగించేనాటికి దేశం ఆర్థిక మాంద్యంలో మునిగి ఉన్నది. చేతిలో పట్టా, నెత్తిన అప్పు. అక్కడే శస్త్రచికిత్సలో శిక్షణకు చేరారు. ఆ విభాగాధిపతి అలెన్ విపుల్. క్లోమానికి చేసే ఒక పెద్ద శస్త్రచికిత్స నేటికీ ఆయన పేరనే చెలామణీలో ఉన్నది. శిష్యురాలి నైపుణ్యం ఆయనకు బాగా తెలుసు. అయినా శస్త్రవైద్యం వదలి మత్తువైద్యం వైపు వెళ్ళమని సలహా ఇచ్చారు. తాను తర్ఫీదు ఇచ్చిన స్త్రీలు శస్త్రవైద్యులుగా నిలదొక్కుకోలేకపోవడం ఆయన చూశారు. మత్తువైద్యం ఎదగకపోతే శస్త్రచికిత్స కూడా ఎదగదన్నది రెండవ కారణం. ఈ రెండవది దూరదృష్టి. మొదటిది మాత్రం లోకపు అన్యాయానికి తలవంచడమే అని నా అభిప్రాయం.

ఆనాడు అమెరికాలో మత్తు ఇచ్చేవారు ఎక్కువగా నర్సులే. ఆ పనిలోకి వచ్చిన వైద్యులను శస్త్రవైద్యులు తమతో సమానులుగా చూసేవారు కారు. విస్కాన్సిన్‌లో రాల్ఫ్ వాటర్స్ వద్ద, పిదప న్యూయార్కు బెల్వ్యూ ఆసుపత్రిలో నేర్చుకొని, 1938లో ఆమె కొలంబియాకు మత్తువైద్య విభాగపు అధిపతిగా తిరిగివచ్చారు. పదకొండేళ్ళు ఆ విభాగాన్ని పెంచారు. 1949లో దానికి పూర్తిస్థాయి శాఖ హోదా వచ్చినప్పుడు, అధ్యక్షపదవి ఆమెకన్న చిన్నవాడైన ఎమాన్యుయెల్ పాపర్‌కు దక్కింది. ఆమెకు ఆచార్య పదవి లభించింది. ఆ వైద్య కళాశాలలో ఆ హోదా పొందిన మొదటి మహిళ ఆమే.

పరిపాలన భారం తొలగడంతో ఆమె ప్రసూతి గదికి చేరారు. అక్కడ అందరి దృష్టీ తల్లిపైనే. శ్వాస అందక నీలబడిన శిశువును పరిశీలించడానికి ఒక పద్ధతంటూ లేదు. గుండె వేగం, శ్వాస, కండరాల బిగువు, స్పందన, చర్మపు రంగు, ఈ అయిదింటికీ సున్న నుండి రెండు వరకు అంకెలు వేసి కూడే పద్ధతిని ఆమె 1952లో వెల్లడించి, 1953లో ప్రచురించారు. పాఠకులు ఒక్క క్షణం ఆలోచించండి: శస్త్రచికిత్స బల్లపై మత్తులో ఉన్న రోగి తలవైపు కూర్చున్న వైద్యుడు గమనించేవి కూడా ఇంచుమించు ఇవే కదా! ఆమె తన పాత వృత్తి కళ్ళతోనే శిశువును చూశారు.

అంకెలు పోగుపడ్డాక వాటిని విశ్లేషించే గణాంక శాస్త్రం అవసరమైంది. యాభై ఏళ్ళ వయసులో ఆచార్యురాలు మళ్ళీ విద్యార్థిని అయి, 1959లో జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్య పట్టా పొందారు. పోలియో టీకా వచ్చిన తరువాత మార్చ్ ఆఫ్ డైమ్స్ సంస్థ కూడా కొత్త పని వెతుక్కొంటూ, పుట్టుకతో వచ్చే లోపాల వైపు దృష్టి మళ్ళించింది. ఆ విభాగాన్ని ఆమె చేపట్టారు. ఊరూరా తిరిగి ఉపన్యసించారు, నిధులు సేకరించారు, 1964-65లో రుబెల్లా విజృంభించి వేలాది గర్భస్థ శిశువులను దెబ్బతీసిన పిమ్మట టీకా అవసరాన్ని చాటారు.

1974లో మరణించేవరకు ఆమె పదవీ విరమణ చేయలేదు. ఎక్కడైనా ఎవరికైనా ఊపిరి ఆగితే పనికివస్తాయని ఒక చిన్న చాకు, శ్వాసనాళంలో అమర్చే గొట్టం ఎప్పుడూ వెంట ఉంచుకొనేవారు.