చేపలు లెక్కపెట్టేవాడికి జీతమెవరిస్తారు?

నేను ఇదివరకు పని చేసిన ఒక కంపెనీలో ఏడాదికోసారి క్వాలిటీ ఆడిట్ జరిగేది. ఆడిటర్ ఏ తారీఖున వస్తాడో నెల ముందే మెయిలొచ్చేది. ఏ ప్రాజెక్టు చూపించాలో మా మేనేజర్లే తేల్చుకునేవాళ్ళు. ముందురోజు రాత్రి పిజ్జాలు తెప్పించుకుని, ఆర్నెల్ల రివ్యూ రికార్డుల్ని ఒక్క రాత్రిలో పుట్టించేవాళ్ళం. పొద్దున ఆడిటర్ గారు వచ్చి, కాయితాలు తిరగేసి, సర్టిఫికెట్టు ఇచ్చి వెళ్ళేవారు. మీలో చాలామందికి ఇది కొత్త కథేం కాదని తెలుసు.

ఈ పాత పాపం ఇప్పుడు గుర్తు రావడానికి కారణం చేపలు. 2024 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు 'లోపర్ బ్రైట్' కేసులో పెద్ద తీర్పు ఇచ్చింది. చట్టంలో స్పష్టత లేనిచోట ప్రభుత్వ సంస్థ చెప్పిన అర్థానికి కోర్టులు తలొగ్గాలన్న 1984 నాటి సూత్రాన్ని కొట్టేసింది. లాయర్లందరూ దాని గురించే కొట్టుకున్నారు. నాకు మాత్రం ఆ కేసు ఎక్కడ పుట్టిందో అది ఆసక్తిగా అనిపించింది. అది పుట్టింది హెర్రింగ్ చేపలు పట్టే పడవల మీద. పడవెక్కి చేపలు లెక్కపెట్టేవాడి రోజు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఇదీ అసలు గొడవ!

ఈ లెక్కపెట్టేవాణ్ణి ఫిషరీస్ అబ్జర్వర్ అంటారు. పోలీసు కాదు. పడవ ఆపమనే అధికారం లేదు, జరిమానా వేసే అధికారం అంతకన్నా లేదు. చూడాలి, తూచాలి, రాయాలి. అంతే. అలాస్కాలో ఈ పనికి వచ్చేవాళ్ళు ఎక్కువగా బయాలజీ చదివిన కుర్రాళ్ళు, అమ్మాయిలు. మూడు వారాల ట్రైనింగ్ ఇచ్చి ఓడ ఎక్కిస్తారు. వల ఎప్పుడు పైకొస్తే అప్పుడే డ్యూటీ, అర్ధరాత్రయినా సరే. బుట్టల్లోకి చేపలు తీసుకుని, జాతులవారీగా వేరుచేసి, బరువు తూచి, పొడవు కొలిచి, కొన్నిటి తలలోంచి చెవిరాళ్ళు తీస్తారు. ఆ రాళ్ళలో చెట్టు మానులో ఉన్నట్టే వలయాలుంటాయి, వాటిని లెక్కపెడితే చేప వయసు తెలుస్తుంది.

ఇందులో గొడవేముంది అనుకుంటున్నారా? లెక్కలోనే ఉంది. ఉదాహరణకి వల్లో 30 టన్నులు పడ్డాయనుకోండి. అబ్జర్వర్ అన్నీ చూళ్ళేడు కాబట్టి 300 కిలోల శాంపిల్ తీస్తాడు. అంటే శాంపిల్లో ఏముందో దాన్ని వందతో హెచ్చవెయ్యాలి. ఆ శాంపిల్లో ఒక్క 5 కిలోల హాలిబట్ చేప కనబడిందా, కాయితం మీద అది 500 కిలోలు. హాలిబట్ ట్రాలర్లు ఉంచుకోకూడని చేప, గాలం వేసేవాళ్ళ వాటా. ఎంత హాలిబట్ చావొచ్చో ట్రాలర్లకి ఏటా ఒక పరిమితి ఉంటుంది. అది నిండిపోతే, పట్టాల్సిన చేప సముద్రం నిండా ఉన్నా సరే, వేట మూతే. ఇప్పుడు మీరు ఆ డెక్ మీద పనిచేసే కూలీ అనుకోండి. మీ సంపాదన వల్లో పడ్డ సరుకులో వాటా. అబ్జర్వర్ బుట్టలోకి వెళ్ళబోతున్న ఆ ఒక్క చేపని కాలితో పక్కకి తోసేయాలనిపిస్తుందా లేదా? (తోస్తే నేరం. అయినా తోసినవాళ్ళున్నారు.)

కాస్త వెనక్కి వెళదాం. 1970ల మొదట్లో అమెరికాకి చేపల మీద హక్కు తీరం నుంచి 12 మైళ్ళ దాకానే. అది దాటితే జపాన్, సోవియట్ ఫ్యాక్టరీ ఓడల రాజ్యం. 1973లో మొదటిసారి అమెరికా అబ్జర్వర్లు అలాస్కా దగ్గర విదేశీ ఓడలెక్కారు, అదీ ఆ దేశాలు రమ్మంటేనే. పిలుపు లేకపోతే లేదు. 1976లో కొత్త చట్టం వచ్చి 1977 మార్చి నుంచి 200 మైళ్ళూ అమెరికావయ్యాయి (మన దేశం 200 మైళ్ళ చట్టం చేసింది కూడా 1976లోనే). అప్పట్నుంచి పిలుపుతో పని లేదు. మా నీళ్ళలో వేటాడాలంటే మా మనిషిని ఎక్కించుకోవాల్సిందే అన్నారు.

పరాయివాణ్ణి అనుమానించడం తేలిక. 1980ల చివరికి విదేశీ ఓడలు వెళ్ళిపోయి వాటి స్థానంలోకి అమెరికా ఓడలే వచ్చాయి. ఇప్పుడు సొంతవాళ్ళని లెక్కపెట్టాలి. 1990లో పద్ధతి పెట్టారు. 125 అడుగులు, ఆపైన ఉన్న ఓడల్లో ఎప్పుడూ అబ్జర్వర్ ఉండాలి. 60 నుంచి 125 అడుగుల మధ్య వాటికి 30 శాతం రోజులు చాలు. 60 కన్నా తక్కువైతే అసలక్కర్లేదు. అబ్జర్వర్ని సప్లై చేసే ప్రైవేటు కంపెనీకి డబ్బులు ఓడ ఓనరే కట్టాలి. మధ్య తరగతి ఓడలకి ఇంకో వెసులుబాటు. ఆ 30 శాతం ఎప్పుడన్నది ఓనరే ఎంచుకోవచ్చు!

మా ఆడిట్ గుర్తొచ్చిందా? శాంపిల్ ఎవరిదో వాడే శాంపిల్ని ఎంచుకుంటున్నాడన్నమాట. మంచి వాతావరణం, దగ్గరి ట్రిప్పు, హాలిబట్ తగలని చోటు చూసుకుని అబ్జర్వర్ని ఎక్కించుకుంటే ఎవరడుగుతారు? అబ్జర్వర్ ఎంత నిజాయితీగా రాసినా, ఆ అంకె మిగతా 70 శాతం రోజుల గురించి ఏమీ చెప్పదు. ఈ కన్నం పూడ్చడానికి 2013 దాకా పట్టింది. ఆ ఏడు నుంచి ఏ ట్రిప్పుకి అబ్జర్వర్ వెళ్ళాలో ప్రభుత్వం లాటరీ పద్ధతిలో తేలుస్తోంది. ట్రిప్పుకింత అని కాకుండా, ఒడ్డుకొచ్చిన చేపల విలువలో 1.25 శాతం ఫీజు పెట్టారు. పడవ సగం, కొన్నవాడు సగం. అబ్జర్వర్ ఎక్కినా ఎక్కకపోయినా ఫీజు ఒకటే కాబట్టి, ఎక్కించుకోకపోతే డబ్బులు మిగుల్తాయన్న ఆశ పోయింది. చిన్న మార్పే. కానీ నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అసలైన బగ్ ఫిక్స్ ఇదే.

సరిగ్గా లెక్కపెడితే ఏమవుతుందో చూడాలంటే తూర్పు పసిఫిక్ కి వెళ్ళాలి. అక్కడ ట్యూనా చేపలు డాల్ఫిన్ల గుంపు కింద ఈదుతాయి. డాల్ఫిన్ల చుట్టూ వల వేస్తే ట్యూనా దొరుకుతుంది, డాల్ఫిన్లు చస్తాయి. 1986లో అలా చచ్చినవి లక్షా ముప్పై వేల పైమాటే. 1992లో దేశాలు లా హోయా ఒప్పందం చేసుకుని, ప్రతి పెద్ద ఓడలోనూ అబ్జర్వర్ ఉండాలన్నాయి. అందరికీ కలిపి ఒకే పరిమితి కాకుండా ఏ ఓడ పరిమితి దానికే పెట్టాయి. అప్పటిదాకా 'ఎవడో చంపాడు', ఇప్పుడు 'నువ్వు చంపావు'. 1993కల్లా లెక్క నాలుగు వేల లోపుకి పడిపోయింది. వలలోంచి డాల్ఫిన్లని వదిలే కిటుకులు కెప్టెన్లకి అంతకుముందే తెలుసు. కొత్తగా వచ్చింది పక్కన పెన్ను పట్టుకు నిలబడ్డ మనిషి.

ఆ మనిషి సంగతేమిటి? మన టెస్టర్ బగ్ రాస్తే మహా అయితే డెవలపర్ లంచ్ కి పిలవడు. అబ్జర్వర్ ఎవరి తప్పు రాస్తాడో వాళ్ళు వండిందే తినాలి, వాళ్ళ ఓడలోనే పడుకోవాలి, ఒడ్డు వందల మైళ్ళ దూరంలో ఉంటుంది. 2015 సెప్టెంబర్లో ఎంతో అనుభవమున్న అమెరికన్ అబ్జర్వర్ ఒకాయన పెరూకి దూరంగా నడిసముద్రంలో ఓడ మీంచి మాయమైపోయాడు. మళ్ళీ దొరకలేదు. 2020 మార్చిలో కిరిబాటికి చెందిన అబ్జర్వర్ తైవాన్ ఓడ మీద చనిపోయాడు. పశ్చిమ పసిఫిక్ దేశాలు 2016లో ఒక నియమం చేసుకున్నాయి: అబ్జర్వర్ సముద్రంలో పడిపోయినా, కనబడకపోయినా ఓడ వెంటనే వేట ఆపి కనీసం 72 గంటలు వెతకాలి. ఇలాంటిది రాసుకోవాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి.

తిరిగి హెర్రింగ్ కేసుకి వద్దాం. 2020లో పెట్టిన రూలు ప్రకారం అట్లాంటిక్ హెర్రింగ్ పడవలు ఆ మనిషికి రోజుకి సుమారు 700 డాలర్లు భరించాలి. అలాస్కాకి ఫీజు వసూలు చేసే అధికారం చట్టంలో స్పష్టంగా రాసుంది. హెర్రింగ్ కి అలాంటి మాట లేదు. 'చట్టంలో లేనిదాన్ని మా దగ్గరెలా గుంజుతారు?' అన్నారు జాలర్లు. నిజం చెప్పాలంటే వాళ్ళది తప్పనలేను. చిన్న పడవ, పడుకునే చోటే కరువు, పైగా బయటివాడి ఖర్చు. ఆ పథకాన్ని 2023లోనే డబ్బుల్లేక ఆపేశారు. సుప్రీంకోర్టు కూడా జాలర్లు కట్టాలా వద్దా అన్నది తేల్చలేదు, పాత సూత్రాన్ని మాత్రం కొట్టేసి కేసుని కింది కోర్టుకి పంపేసింది.

'ఇంకా మనుషులెందుకు, కెమెరాలు పెట్టొచ్చుగా' అని మనవాళ్ళు అడుగుతారని తెలుసు. పెట్టారు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా గాలం పడవలకి 2006 నుంచి ఉన్నాయి. అందులో నాకు నచ్చింది కెమెరా కాదు. కెప్టెన్ తన లెక్క తనే రాసుకుంటాడు. వీడియోలో పదో వంతు మాత్రం యాదృచ్ఛికంగా తీసి పోల్చి చూస్తారు. తేడా వస్తే మొత్తం వీడియో చూస్తారు, ఆ ఖర్చు కెప్టెన్ దే. నిజం రాసేవాడికి చౌక, అబద్ధం రాసేవాడికి ఖరీదు. అయితే కెమెరా చెవిరాయి తియ్యలేదు, కాబట్టి మనిషి ఉద్యోగం ఇప్పుడప్పుడే పోదు.

1973 నుంచి వీళ్ళు కిందా మీదా పడి నేర్చుకున్నది రెండు ముక్కలు. శాంపిల్ ఏదో ఎంచుకునే హక్కు లెక్క చూపించాల్సినవాడికి ఉండకూడదు. లెక్కపెట్టేవాడి జీతం వాడు రాసే అంకె మీదగానీ, వాణ్ణి ఎక్కించుకునే వాడి ఇష్టం మీదగానీ ఆధారపడకూడదు. మా ఆడిట్లో రెండూ లేవు. అప్పుడు నేనూ నోరు మూసుకుని పిజ్జా తిన్నవాణ్ణే.

మీ ఆఫీసులో లెక్కపెట్టేవాణ్ణి ఏ రోజు రమ్మనాలో ఎవరు నిర్ణయిస్తారు?