హాఫ్ మూన్ బే జెట్టీ కెరటాలు: ముందస్తు అంచనాల చరిత్ర

కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ తీరం నెలవంకలా లోనికి వంగిన చోట హాఫ్ మూన్ బే అనే అఖాతం ఉంది. దాని ఉత్తరపు కొసన పిల్లర్ పాయింట్ అనే కొండకొమ్ము సముద్రంలోకి చొచ్చుకొని ఉండగా, ఆ కొమ్ము చాటున చేపల రేవు, రేవును కాపాడే బండరాళ్ల గోడలు ఉన్నాయి. తూర్పు గోడ మొదట్లో, రేవుకు వెలుపలి వైపున ఉన్న ఇసుక తీరాన్ని సర్ఫర్స్ బీచ్ అనీ, అక్కడ విరిగే కెరటాన్ని ప్రిన్స్‌టన్ జెట్టీ అనీ పిలుస్తారు. సర్ఫింగ్, అంటే పలకపై నిలబడి కెరటంతో పాటు ఒడ్డుకు జారివచ్చే విద్య, కొత్తగా నేర్చుకునేవారికి ఆ ప్రాంతంలో అనువైన కొద్ది చోట్లలో ఇది ఒకటి. అదే కొండకొమ్ముకు ఎదురుగా, నీట మునిగిన రాతి మెట్ట మీద లేచే మావరిక్స్ కెరటం మాత్రం ప్రపంచంలోని అతి ప్రమాదకరమైన కెరటాలలో ఒకటి. 1975 నుంచి సుమారు పదిహేనేళ్ల పాటు జెఫ్ క్లార్క్ అనే స్థానికుడు దానిని దాదాపు ఒంటరిగా ఎక్కుతూ వచ్చాడు; 1994 డిసెంబరులో హవాయికి చెందిన ప్రసిద్ధ సర్ఫర్ మార్క్ ఫూ అక్కడే ప్రాణాలు కోల్పోయాడు. ఒకే తుపాను పుట్టించిన కెరటాలు ఒకచోట ప్రాణాంతకం కావడానికి, కొద్ది కిలోమీటర్ల అవతల చిన్నపిల్లలు పలక పట్టుకొని దిగగలిగేంత శాంతంగా ఉండడానికి కారణం కొంత ప్రకృతి, కొంత మానవ నిర్మాణం. ఆ తేడాను ముందుగా చెప్పగలిగిన శాస్త్రం పుట్టింది మాత్రం యుద్ధ అవసరం నుంచి.

కెరటం లోతు తగ్గిన చోట మందగిస్తుంది. దాని ఒక కొస మెట్టపైకి వచ్చి నెమ్మదించగా మరో కొస లోతు నీటిలో వేగంగానే సాగడం వల్ల కెరటపు రేఖ వంగుతుంది; దీనినే వక్రీభవనం అంటారు. శీతకాలంలో వాయవ్యం నుంచి వచ్చే కెరటాలు పిల్లర్ పాయింట్‌ను చుట్టి లోపలికి తిరిగేటప్పుడు ఇలా వంగి, పలుచబడి, తమ శక్తిలో చాలా భాగాన్ని పోగొట్టుకుంటాయి. ఈ చాటు ప్రభావం ఇసుకరేణువులో సైతం కనిపిస్తుందని చూపినవాడు విల్లర్డ్ బాస్కమ్. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మోరో ఓబ్రియన్ అనే ఆచార్యుడి నాయకత్వంలో నడిచిన కెరటాల పరిశోధన పథకంలో భాగంగా, నేలమీదా నీటిలోనూ నడిచే సైనిక వాహనాలను విరిగే కెరటాల మధ్యకు తోలి పసిఫిక్ తీరపు లోతులు కొలిచిన బృందంలో ఆయన ఉన్నారు. 1951లో ప్రచురించిన పత్రంలో ఆయన హాఫ్ మూన్ బేను ఉదాహరణగా తీసుకొని, కొండకొమ్ము చాటున ఇసుక సన్నగా, తీరపు వాలు తక్కువగా ఉన్నాయనీ, దక్షిణానికి పోయి కెరటాల తాకిడికి గురయ్యే కొద్దీ రేణువు ముతకబడి వాలు నిటారవుతుందనీ నిరూపించారు. నేర్చుకునేవారికి ఇది కీలకమైన విషయం. వాలు తక్కువైన చోట కెరటం శిఖరం నుంచి నురుగు నెమ్మదిగా ముందుకు జారుతూ విరుగుతుంది. నిటారు వాలుపై అదే కెరటం గొట్టంలా చుట్టుకొని ఒక్కసారిగా మీద పడుతుంది.

రేవు గోడల నిర్మాణం 1959లో మొదలై 1961లో ముగిసింది. అవి చేపల పడవల కోసం కట్టినవే తప్ప ఆటగాళ్ల కోసం కాదు. ఇటువంటి గోడ పక్కన సాధారణంగా మూడు మార్పులు వస్తాయి: గోడ అడ్డుపడి కొన్ని దిక్కుల గాలినీ కెరటాలనూ ఆపుతుంది, రాళ్లను తాకి వెనుదిరిగిన అల ఎదురొచ్చే అలతో కలిసి చిన్న శిఖరాలు లేపుతుంది, తీరం వెంట కదిలే ఇసుక దారి మారుతుంది. మూడవ మార్పు ఇక్కడ బాధాకరంగా పరిణమించింది. గోడ లోపల ఇసుక పేరుకుపోగా, వెలుపల సర్ఫర్స్ బీచ్ సన్నబడుతూ, ఒకటో నంబరు హైవేను మోసే గట్టు కోతకు గురై, రోడ్డును నిలబెట్టడానికి బండలు పేర్చవలసి వచ్చింది. ఫలితంగా పోటు సమయంలో అలలు బండలను తాకి వెనక్కి తన్నుతాయి, నిలబడడానికి ఇసుకే మిగలదు. ఎత్తు, గాలి రెండూ అనుకూలించినా ఆటుపోట్ల పట్టిక చూడనిదే ఈ తీరంలో దిగకూడదన్న నియమానికి మూలం ఆ కట్టడమే. ఒక తరం సౌకర్యం కోసం కట్టిన గోడ మరో తరం తీరాన్ని తింటున్నదన్నది ఇక్కడి చరిత్రలో దాచలేని నిజం.

కెరటాల రాకను లెక్కగట్టే విద్య 1942లో రూపుదిద్దుకొంది. మిత్రరాజ్యాల సైన్యం ఉత్తర ఆఫ్రికా తీరంలో దిగడానికి సన్నద్ధమవుతూ అమెరికా తూర్పు తీరంలో చేసిన అభ్యాసాలను వాల్టర్ మంక్ అనే యువ శాస్త్రవేత్త గమనించాడు. కెరటాలు దాదాపు మనిషి ఎత్తుకు రాగానే, సైనికులను దించే చదునైన పడవలు అడ్డం తిరిగి నీటితో నిండిపోతుండగా ఆనాటి అభ్యాసాన్ని ఆపివేసేవారు. మొరాకో అట్లాంటిక్ తీరంలో శీతకాలపు కెరటాలు తరచుగా అంతకు మించే ఉంటాయని తెలుసుకొన్న మంక్, స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థ సంచాలకుడూ తన గురువూ అయిన నార్వే దేశస్థుడు హరాల్డ్ స్వెర్‌డ్రప్‌తో కలిసి ఒక పద్ధతి రూపొందించాడు. అందులో మూడు అంశాలు ప్రధానం: గాలి వేగం, ఆ గాలి ఎంతసేపు వీచింది, ఎంత దూరం నీటిపై అడ్డులేకుండా వీచింది. తీరానికి చేరే ఎత్తును ఏ కొలతలో చెప్పాలన్న చిక్కును కూడా వారు పరిష్కరించారు. పడవ నడిపేవారు కంటితో చూసి చెప్పే ఎత్తు అన్ని కెరటాల సగటు కాదనీ, వాటిలో పెద్దవైన మూడోవంతు కెరటాల సగటుకు అది దగ్గరగా ఉంటుందనీ గ్రహించి, ఆ విలువకు సార్థక తరంగ ఎత్తు అని పేరు పెట్టారు. నేటికీ ప్రపంచమంతటా వెలువడే సముద్ర సూచనల్లో కనిపించేది ఆ అంకే. 1942 నవంబరు 8న సైన్యం ఉత్తర ఆఫ్రికా తీరంలో దిగింది. ఆ తరువాత స్క్రిప్స్ సంస్థలో శిక్షణ పొందిన వాతావరణ అధికారులు ఇదే పద్ధతిని 1944 జూన్‌లో నార్మండీ తీరానికి వర్తింపజేశారు. పడవ నడిపేవాడు ఆనాడు అడిగిన ప్రశ్న, పలక పట్టుకొన్న విద్యార్థి ఈనాడు అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ రోజు నీటిలో దిగవచ్చునా?

యుద్ధానంతరం మంక్ దృష్టి స్వెల్‌పైకి మళ్లింది. పుట్టించిన గాలిని వెనుక విడిచి సుదూరం ప్రయాణించే క్రమబద్ధమైన కెరటాల వరుసనే స్వెల్ అంటారు. 1963లో ఆయన బృందం న్యూజిలాండ్ నుంచి సమోవా, పాల్మైరా, హవాయి మీదుగా అలాస్కా దాకా కొలత కేంద్రాలు నెలకొల్పి, దక్షిణ మహాసముద్రపు తుపానుల కెరటాలు పసిఫిక్ మొత్తాన్ని దాటి వస్తాయనీ, తుపాను ప్రాంతానికి దూరమైన తరువాత దారిలో అవి కోల్పోయే శక్తి చాలా తక్కువనీ నిర్ధారించింది. ఇక్కడ వ్యవధి అన్న మాట ముఖ్యం. ఒక శిఖరం దాటిన తరువాత మరో శిఖరం రావడానికి పట్టే సెకన్లే వ్యవధి. లోతు నీటిలో 15 సెకన్ల వ్యవధి గల వరుస గంటకు సుమారు 42 కిలోమీటర్ల వేగంతో, అంటే రోజుకు దాదాపు వెయ్యి కిలోమీటర్లు సాగుతుంది. కనుక 4,000 కిలోమీటర్ల దూరంలో రేగిన తుపాను కెరటాలు ఒడ్డు చేరడానికి నాలుగు రోజులు పడుతుంది. ఎక్కువ వ్యవధి గలవి ముందు, తక్కువ వ్యవధి గలవి తరువాత వస్తాయి.

సైన్యం చేతిలోని ఈ జ్ఞానాన్ని సర్ఫర్లకు అందించినవారిలో అగ్రగణ్యుడు దక్షిణ కాలిఫోర్నియాకు చెందిన షాన్ కాలిన్స్. ఫాక్స్‌లో అందే వాతావరణ పటాలను స్వయంగా చదివి లెక్కలు కట్టిన ఆయన, 1985లో ఫోన్ ద్వారా కెరటాల సమాచారం అందించడం ప్రారంభించిన సర్ఫ్‌లైన్ సంస్థకు తొలి అంచనాకర్త అయ్యాడు. స్క్రిప్స్ సంస్థ 1975 నుంచి తీరం వెంబడి నడుపుతున్న కొలత యంత్రాలు, హాఫ్ మూన్ బేకు వెలుపల తేలే ప్రభుత్వ బోయా, గాలి లెక్కల నుంచి భూగోళమంతటా కెరటాలను గణించే కంప్యూటర్ నమూనాలు క్రమంగా ఆ పనికి తోడయ్యాయి. అయినా బోయా చెప్పే అంకెను జెట్టీకి నేరుగా అన్వయించరాదు. అక్కడ నమోదైన వాయవ్యపు కెరటం కొండకొమ్ము చాటుకు చేరేసరికి ఎంతో తగ్గుతుంది. వేసవిలో దక్షిణం నుంచి వచ్చే చిన్న స్వెల్‌కు మాత్రం ఆ చాటు అడ్డురాదు కాబట్టి, తక్కువ అంకె ఉన్న రోజునే జెట్టీలో కెరటాలు బాగుండవచ్చు. దిక్కు చూడకుండా ఎత్తు ఒక్కటే చదివినవారు ఇక్కడ తరచుగా మోసపోతారు.

ఈ చరిత్ర తెలుగు తీరానికి దూరమైనది కాదు. 1933లో ప్రారంభమైన విశాఖపట్నం రేవు ముఖద్వారాన్ని కాపాడడానికి జానస్, వెల్లెడమ్ అనే రెండు పాత ఓడలను ముంచి అడ్డుగోడగా నిలిపారు. తీరం వెంట ప్రధానంగా ఉత్తరానికి సాగే ఇసుకకు రేవు కట్టడాలు అడ్డుపడడంతో, ఉత్తరాన ఉన్న రామకృష్ణ బీచ్ కోతకు గురై, తవ్వి తీసిన ఇసుకను అక్కడ పోయవలసి వస్తున్నది. హైదరాబాద్‌లో 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, తీరప్రాంతాలకు కెరటాల ఎత్తు, దిక్కు, వ్యవధి సూచనలను ప్రతిరోజూ వెలువరిస్తున్నది. దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టే స్వెల్ బంగాళాఖాతం దాకా వస్తుంది గనుక, గాలి లేని నిర్మలమైన రోజున కూడా తీరంలో పెద్ద కెరటాలు లేవవచ్చు. రుషికొండలో పలక నేర్చుకోబోయేవారు, వేటకు వెళ్లే జాలరులు ఆ సూచనలో ఎత్తు అంకె దగ్గరే ఆగక పక్కనున్న వ్యవధినీ చదవాలి: ఒకే ఎత్తు గల రెండు కెరటాలలో వ్యవధి ఎక్కువగా ఉన్నది ఎక్కువ శక్తితో ఒడ్డును తాకుతుంది.