సీటు ఎవరిదన్నది కాదు, ఓటు ఎవరిదన్నది

మన రిజర్వుడు నియోజకవర్గాల్లో నిలబడేది ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులే గానీ ఓటు అందరిదీ. నేను స్థిరపడ్డ న్యూజిలాండ్‌లో ఈ లెక్క తిరగబడుతుంది. ఇక్కడి ఆదివాసులైన మావోరీలకు పార్లమెంటులో ఏడు ప్రత్యేక స్థానాలున్నాయి. పోటీ ఎవరైనా చేయొచ్చు. ఓటు మాత్రం మావోరీ జాబితాలో పేరున్నవాళ్లదే. 1932లో పూనా ఒప్పందంతో అంబేద్కర్ వదులుకోవాల్సి వచ్చిన ప్రత్యేక ఓటర్ల పద్ధతి లాంటిదే ఇది. ఇక్కడ 1867 నుంచి నడుస్తోంది.

మొదట్లో అదేమీ వరం కాదు. ఆ రోజుల్లో ఆస్తి ఉన్న మగవాళ్లకే ఓటు. మావోరీల భూమి తెగ ఉమ్మడిది కనుక చాలామందికి ఆ అర్హత లేదు. సర్దుబాటుగా, ఐదేళ్ల కోసమని నాలుగు సీట్లు కేటాయించారు. జనాభా ప్రకారమైతే అంతకు మూడు నాలుగు రెట్లు రావాలి. తెల్లవాళ్లకు 1870లోనే రహస్య ఓటు వచ్చింది. మావోరీలు 1938 దాకా బహిరంగంగానే ఓటు వేశారు.

1943 నుంచి అర్ధ శతాబ్దంపాటు ప్రతి సాధారణ ఎన్నికలోనూ ఆ నాలుగూ లేబర్ పార్టీకే పడ్డాయి. ఎటూ పోని ఓటును ఎవరు లెక్కచేస్తారు? ఆ నిర్లక్ష్యానికి విసిగి, మాజీ మంత్రి మటియు రాటా ఆ పార్టీని వదిలి, సీటుకు రాజీనామా చేసి, 1980 ఉపఎన్నికలో మళ్లీ నిలబడి ఓడిపోయారు.

1993 ఎన్నికల చట్టంతో పరిస్థితి మారింది. సాధారణ జాబితాకు బదులు మావోరీ జాబితాను ఎంచుకునేవాళ్లు పెరిగితే సీట్లూ పెరుగుతాయి. 2002కల్లా ఏడయ్యాయి. 2004లో సముద్రతీరాన్ని ప్రభుత్వపరం చేసే బిల్లు వచ్చినప్పుడు లేబర్ మంత్రి తారియానా తురియా ఎదురు తిరిగారు. మంత్రి పదవి పోయింది. ఎంపీ పదవికి తనే రాజీనామా చేసి, ఉపఎన్నికలో ఘనంగా గెలిచి, కొత్తగా పుట్టిన మావోరీ పార్టీకి సహనాయకురాలయ్యారు. ఆ పార్టీకి 2005లో నాలుగు సీట్లిచ్చిన ఓటర్లే, అది లేబర్ ప్రత్యర్థి అయిన నేషనల్ పార్టీ ప్రభుత్వానికి మద్దతిచ్చాక, 2017లో ఒక్కటీ మిగల్చలేదు. 2023లో మళ్లీ ఆరు ఇచ్చారు.

మన రెండు రాష్ట్రాల్లో పార్టీ ఫిరాయించిన ఎమ్మెల్యేల మీద ఫిర్యాదులు స్పీకర్ల దగ్గర ఏళ్లకేళ్లు మూలుగుతుంటాయి. ఈలోగా వాళ్ల పదవీకాలమే అయిపోతుంది. రాటా ఓడారు, తురియా గెలిచారు. ఇద్దరూ తీర్పు కోసం వెళ్లింది మాత్రం తమను పంపిన ఓటరు దగ్గరికే. మనవాడికి సీటు దక్కడం సగం పనే. గాడి తప్పినప్పుడు వాణ్ని దించే ఓటు కూడా మన చేతిలోనే ఉండాలి.