రియల్ మద్రాస్ రుమాలు

రియల్ మద్రాస్ రుమాలు ఆంధ్ర ప్రదేశ్ లోని చీరాల, జాండ్రపేట, వేటపాలెం పరిసరాలలో చేమగ్గాలపై ముఖ్యంగా ఎగుమతి కొరకే నేసిన గళ్ళ నూలు వస్త్రం. ఈ ప్రాంతం కృష్ణా డెల్టాకు నైరుతి అంచున, విజయవాడ - చెన్నై రైలు మార్గంలో ఉన్నది. 2022 వరకు ప్రకాశం జిల్లాలో ఉండి, ఆ సంవత్సరం ఏప్రిల్ నుండి బాపట్ల జిల్లాలో భాగమైనది. పేరులో మద్రాసు ఉన్నప్పటికీ ఇది మద్రాసు నగరంలో నేసిన బట్ట కాదు. రుమాలు అన్నప్పటికీ ముఖం తుడుచుకొనే గుడ్డ కూడా కాదు. నైజీరియాలోని కలబారి ప్రజలు దీనిని నడుముకు చుట్టుకొనే వస్త్రంగా వాడతారు. స్కాట్లండు దేశీయుల టార్టాన్ గళ్ళకు ఇది దగ్గరగా కనిపించడం వలన రెండింటి సంబంధం గురించి పలు కథనాలు వ్యాప్తిలో ఉన్నవి.

పేరు

రుమాలు పర్షియన్ పదం. ముఖం తుడుచుకొనేది అని దాని అర్థం. కోరమాండల్ తీరం నుండి ఓడలకెక్కిన గళ్ళ వస్త్రాలను యూరోపియన్ వర్తకులు ఈ పేరుతోనే లెక్కలలో వ్రాసుకొన్నారు. మగ్గం మీద ఇది విడి గుడ్డలుగా తయారు కాదు. సుమారు 36 అంగుళాల చదరాలు వరుసగా వచ్చేటట్లు సాధారణంగా 8 గజాల తానుగా నేస్తారు. కొన్నవారు అవసరాన్ని బట్టి కత్తిరించుకొంటారు, లేదా కత్తిరించకుండానే కట్టుకొంటారు.

రియల్ అన్న విశేషణం వ్యాపారులు చేర్చినది. మిల్లులలో నేసిన చౌక అనుకరణలు బజారుకు రావడంతో, చేమగ్గంపై నేసిన అసలు సరుకును వేరుచేసి చెప్పవలసి వచ్చింది. కలబారి వారు దీనిని ఇంజిరి అంటారు. ఇండియా అన్న మాటే ఆ విధంగా మారిందని పండితుల అభిప్రాయం. నైజీరియాలోని ఇగ్బో ప్రజలు భారతదేశపు బట్టలను జార్జి అని పిలుస్తారు. ఇది మద్రాసులోని సెయింట్ జార్జి కోట పేరు నుండి వచ్చినదని చెబుతారు. దేశం పేరు, రేవు పేరు, కోట పేరు ఈ విధంగా బట్టకు అంటుకొన్నవి గాని, నేసిన ఊరి పేరు మాత్రం ఎక్కడా కనిపించదు.

చరిత్ర

డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నం చేరి వర్తక స్థావరాలు ఏర్పరచుకొన్నారు. ఆంగ్లేయులు అదే సంవత్సరం నేటి నిజాంపట్నం అయిన పెటపోలిలో కూడా దిగారు. అప్పటికి ఈ తీరం గోల్కొండ కుతుబ్ షాహీల ఏలుబడిలో ఉన్నది. ఇక్కడి ఇసుక నేలలలో దొరికే చిరివేరు నుండి తీసిన ఎరుపు, నీలిమందు ఇచ్చే నీలం ఈ తీరపు బట్టలకు ప్రత్యేకతను తెచ్చాయి. మసాలా దినుసులు కొనడానికి ఆగ్నేయాసియాలో వెండి కన్న బట్ట ఎక్కువగా చెల్లుబాటు అయ్యేది. తరువాత ఇదే బట్ట అట్లాంటిక్ సముద్రం వైపు మళ్ళింది. పశ్చిమ ఆఫ్రికా తీరంలో బానిసలను కొనడానికి యూరోపియన్లు ఇచ్చిన సరుకులలో భారతదేశపు నూలు బట్టలు ముఖ్యమైనవి. మగ్గంపై కూర్చున్నవారికి తమ బట్ట ఎక్కడికి పోతున్నదో, దేనికి మారుతున్నదో తెలిసే మార్గం లేదు.

18వ శతాబ్దంలో ఆంగ్లేయుల వ్యాపారం మద్రాసులో కేంద్రీకృతం కావడంతో మచిలీపట్నం రేవు వెనుకబడింది. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన ఆ పట్టణాన్ని మరింత దెబ్బతీసింది. 1855లో బెజవాడ వద్ద కృష్ణా ఆనకట్ట పూర్తయిన తరువాత త్రవ్విన కాలువలలో కొమ్మమూరు కాలువ ఒకటి. ఇది పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువతో కలవడం వలన డెల్టా నుండి మద్రాసుకు పడవ దారి ఏర్పడింది. 1899లో రైలు మార్గం కూడా వచ్చింది. సరుకు సహజంగానే మద్రాసుకు పోయి అక్కడి ముద్రతో ఓడ ఎక్కేది. మద్రాసులోని ఎగుమతిదారులు, ఇంగ్లండులోని వర్తకులు, పశ్చిమ ఆఫ్రికాలోని దుకాణదారులు ఈ వ్యాపారపు గొలుసులో వరుసగా ఉండేవారు.

నేత

రంగు వేసిన నూలును పడుగులోను, పేకలోను ఒకే వరుసక్రమంలో పెట్టి నేయడం వలన గళ్ళు ఏర్పడతాయి. ఇందులో అద్దకం ఏమీ లేదు. ఏ రంగు పోగులు ఎన్ని అన్న లెక్క పడుగు తోడేటప్పుడే స్థిరపడుతుంది. పేకలో ఆ లెక్క తప్పకుండా నాడెలు మార్చుకొంటూ పోవడం నేతగాని పని. ఒక్క పోగు తేడా వచ్చినా చదరం చెడి, కొనేవారు తిరస్కరిస్తారు. పడుగును వీధిలో బారుగా సాగదీసి గంజి పట్టించి ఆరబెడతారు. వర్షాకాలంలో ఈ పని సాగదు, నేత ఆగిపోతుంది. కండెలు చుట్టడం వంటి పనులు ఇంటి స్త్రీలు, పిల్లలు చేసేవారు. కూలి లెక్కలో వీరి శ్రమ విడిగా కనిపించదు. నేతగాండ్రలో పద్మశాలి, దేవాంగ కులస్తులు ఎక్కువ. నూలు, రంగులు, నమూనా పెట్టుబడిదారుడు ఇస్తాడు, నేతగానికి తానుకు ఇంత అని కూలి ముడుతుంది.

టార్టాన్‌తో పోలిక

టార్టాన్ ఉన్నితో, ఏటవాలు గీతలు కనిపించే ట్విల్ నేతలో తయారవుతుంది. మద్రాస్ రుమాలు నూలుతో, ఒకటి విడిచి ఒకటిగా సాదా నేతలో తయారవుతుంది. కనుక రంగులు కలిసే చోట టార్టాన్‌లో ఏటవాలు చారలు, రుమాలులో సన్నని చుక్కలు కనిపిస్తాయి. ఒక పూర్తి స్థాయి కిల్టుకు సంప్రదాయంగా పట్టే బట్ట కూడా 8 గజాలే కావడం యాదృచ్ఛికం.

18వ శతాబ్దం చివరి నుండి మద్రాసు రాజధానిలో స్కాట్లండు హైలాండర్ పటాలాలు ఉండేవి. వారి దుస్తులను చూసి ఇక్కడి నేతగాండ్రు గళ్ళు నేర్చుకొన్నారని కొన్ని దుకాణాల ప్రకటనలలో కనిపిస్తుంది. ఇది నమ్మదగినది కాదు. ఆ పటాలాలు రావడానికి నూరేళ్ళకు పైగా ముందే గళ్ళ రుమాళ్ళు ఈ తీరం నుండి ఎగుమతి అయ్యేవి. కొన్ని నమూనాలను తరువాతి కాలంలో టార్టాన్ చూసి తయారుచేయించి ఉండవచ్చు, అంతవరకే.

పేర్ల విషయంలో మాత్రం రెండింటికీ పెద్ద తేడా ఉన్నది. 1746 నాటి చట్టంతో హైలాండు దుస్తులు నిషేధానికి గురై, 1782లో ఆ నిషేధం తొలగింది. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరో పర్యటన తరువాత టార్టాన్‌ను వంశాల పేర్లతో గుర్తించడం బాగా వ్యాపించింది. 2009 నుండి స్కాట్లండు ప్రభుత్వమే ఒక్కొక్క నమూనాను పోగుల లెక్కతో సహా నమోదు చేస్తున్నది. చీరాల గళ్ళకు అటువంటి పట్టిక లేదు.

కలబారి ప్రజల వాడకం

నైజర్ నది డెల్టాలో నివసించే కలబారి వారు మత్స్యకారులు, వర్తకులు. వారికి తమదైన నేత పరిశ్రమ లేదు, బట్ట అంతా కొనవలసినదే. అయినప్పటికీ ఇంజిరిని పరాయి వస్తువుగా వారు చూడరు. పుట్టిన బిడ్డకు ఇది కట్టడం, మరణించిన పెద్దల పడకను దీనితో అలంకరించడం ఆచారం. మంచి వస్త్రాలను కుటుంబపు పెట్టెలలో తరతరాలుగా దాచుకొంటారు. అనుభవం గల స్త్రీలు అసలు సరుకును స్పర్శతోను, వాసనతోను గుర్తుపడతారని పరిశోధకులు వ్రాశారు.

కలబారి స్త్రీలు ఈ బట్టపై చేసే పనిని పెలెతె బితె అంటారు. కోసిన బట్ట అని అర్థం. బ్లేడుతో ఎంపిక చేసిన పోగులను కోసి లాగివేయడం వలన గళ్ళ మధ్య కొత్త ఆకృతులు, అల్లికవంటి ఖాళీలు ఏర్పడతాయి. చీరాలలో లెక్కపెట్టి పేర్చిన పోగులను ఇక్కడ లెక్కపెట్టి తీసివేస్తారు. బయటి వస్తువును ఒక సమాజం ఈ విధంగా తనదిగా చేసుకోవడాన్ని జోన్ ఐకర్, టోన్యే ఎరెకోసిమా అనే పరిశోధకులు సాంస్కృతిక ప్రామాణీకరణ అన్నారు.

ఇతర దేశాలు

కరీబియన్ దీవులలో బానిసలుగాను, తరువాత స్వతంత్రులుగాను జీవించిన ఆఫ్రికా సంతతి స్త్రీలు మద్రాస్ గళ్ళను తలపాగాగా చుట్టారు. మార్టినిక్, గ్వాడలూప్, డొమినికా, సెయింట్ లూసియా దీవులలో ఇది నేడు సంప్రదాయ దుస్తులలో భాగం. జమైకాలో దీనిని బండానా అంటారు. అమెరికాలోని లూసియానాలో 1786లో గవర్నరు మిరో నల్లజాతి స్త్రీలు జుట్టు కప్పుకోవాలని ఆదేశించగా, వారు రంగురంగుల రుమాళ్ళతో ఆ ఆజ్ఞనే అలంకారంగా మార్చుకొన్నారు.

1950లు, 60లలో అమెరికా యువకులు మద్రాస్ చొక్కాలపై మోజు పడ్డారు. ఉతికినప్పుడు రంగు దిగడం మొదట ఫిర్యాదులకు దారితీసింది. తరువాత అదే చేమగ్గపు బట్టకు గుర్తు అని వ్యాపారులు ప్రచారం చేశారు.

క్షీణత

నైజీరియాలో 1967 - 70 మధ్య జరిగిన అంతర్యుద్ధం, తరువాత ఆ దేశం బట్టల దిగుమతిపై పలుమార్లు విధించిన నిషేధాలు ఈ ఎగుమతిని దెబ్బతీశాయి. మరమగ్గాల అనుకరణ చౌకగా దొరకడం మరొక కారణం. ఒకే దేశపు ఒకే గిరాకీపై ఆధారపడిన నేతగాండ్రకు స్వదేశంలో ఈ సరుకు అమ్ముకొనే వీలు లేదు, తెలుగువారెవరూ దీనిని కట్టరు. 1991లో నూలు ధరలు విపరీతంగా పెరిగినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల నేత కుటుంబాలలో ఆకలి చావులు సంభవించినట్లు వార్తలు వచ్చాయి. చీరాల ప్రాంతపు మగ్గాలు క్రమంగా చీరలకు, ముఖ్యంగా కుప్పడం పట్టు చీరలకు మళ్ళాయి.

తేలియా రుమాలు

చీరాలతో ముడిపడిన మరొక రుమాలు తేలియా రుమాలు. రెండింటినీ ఒకటిగా పొరబడడం కద్దు. తేలియా రుమాలుకు నూలును నూనె, బూడిద కలిపిన నీటిలో అనేక రోజులు నానబెట్టి, పోగులను కట్టి రంగు వేసి నేస్తారు. ఇది ఎక్కువగా అరబ్ దేశాలకు ఎగుమతి అయ్యేది. చీరాలలో ఈ పని అంతరిస్తూ వచ్చినప్పటికీ తెలంగాణలోని పుట్టపాకలో కొనసాగింది. 2020లో దీనికి పుట్టపాక పేరున భౌగోళిక గుర్తింపు లభించింది.