హైగేట్ నుంచి భువనేశ్వర్ దాకా: పరదేశి విద్యార్థి ప్రశ్న

1905 జూలై 1న లండన్ ఉత్తర శివారులోని హైగేట్‌లో ఒక పెద్ద ఇంటికి ప్రారంభోత్సవం జరిగింది. గుజరాతీ పండితుడు, న్యాయవాది శ్యామ్‌జీ కృష్ణవర్మ దానికి ‘ఇండియా హౌస్’ అని పేరు పెట్టారు. పాఠ్యపుస్తకాలు ఆ ఇంటిని విప్లవకారుల స్థావరంగానే గుర్తుపెట్టుకున్నాయి. సావర్కర్ అక్కడ ఉన్నారు, మదన్‌లాల్ ధింగ్రా అక్కడికి వచ్చిపోయేవాడు. వాటి మాటున మరుగునపడిన వాస్తవం ఒకటుంది. ఇండియా హౌస్ పుట్టింది విద్యార్థుల వసతిగృహంగా. రంగు చూసి గది అద్దెకివ్వని నగరంలో సుమారు పాతికమంది భారతీయ విద్యార్థులు తలదాచుకునేందుకు ఏర్పడిన చోటు అది. రాజకీయం ఆ ఇంట్లోకి తరువాత ప్రవేశించింది. ముందు వచ్చింది గది దొరకని అవమానం.

పరాయి దేశంలో చదువుకునే విద్యార్థిని ఆ దేశం ఎలా చూస్తుంది, ఎలా చూడాలి అన్న ప్రశ్నకు ఉపఖండ చరిత్రలో నూటపాతికేళ్ల పైబడిన అనుభవం ఉంది. అందులో తొలి సగం భారతీయులు బాధితులుగా గడించినది. మలి సగం ఆతిథేయులుగా గడిస్తున్నది. మొదటి సగంలో నేర్చిన పాఠాన్ని రెండో సగంలో మరిచిపోవడమే నేటి సమస్యకు మూలం.

పంతొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లండు చేరిన భారతీయ యువకులలో అత్యధికులు బారిస్టరు పట్టా కోసమో, సివిల్ సర్వీసు పరీక్ష కోసమో వెళ్లినవారు. ప్రభుత్వపరంగా వారికి అందిన ఆసరా స్వల్పం. ఉన్నంతలో ఎవరి దారి వారు వెదుక్కున్నారు. 1888లో లండన్ చేరిన గాంధీ కడుపునిండా తిండి దొరక్క అలమటించి, చివరకు ఫారింగ్‌డన్ వీధిలో ఒక శాకాహార భోజనశాలను కనుగొన్నారు. ఆ దారి ఆయనను శాకాహార సంఘంలోకి, దాని కార్యవర్గంలోకి తీసుకెళ్లింది. తన మాట వినే నలుగురు మనుషులు ఆ పరాయి నగరంలో ఆయనకు దొరికింది అక్కడే. కేంబ్రిడ్జిలో 1891లో, ఆక్స్‌ఫర్డులో 1896లో భారతీయ విద్యార్థులు ‘మజ్లిస్’ పేరుతో సొంత చర్చావేదికలు ఏర్పాటు చేసుకున్నారు. తమ భోజనం, తమ గది, తమ వేదిక ఉన్న తరువాతే పరాయి ఊరు కాస్త సొంత ఊరవుతుందని ఆ తరం అనుభవపూర్వకంగా గ్రహించింది.

బ్రిటిష్ ప్రభుత్వం ఈ విద్యార్థుల సంక్షేమాన్ని పట్టించుకున్నది 1907లో. ఆనాటి భారత వ్యవహారాల మంత్రి జాన్ మార్లీ, విలియం లీ-వార్నర్ అధ్యక్షతన ఒక కమిటీని నియమించారు. థియొడోర్ మోరిసన్, విలియం కర్జన్ వైలీ అందులో సభ్యులు. కమిటీ పైకి అడిగిన ప్రశ్న విద్యార్థుల స్థితిగతుల గురించి. లోపల తొలిచిన ప్రశ్న వేరు: ఈ యువకులు రాజద్రోహులుగా ఎందుకు మారుతున్నారు? ఆ విచారణ ఫలితంగా 1909లో విద్యార్థులకు సమాచారమందించే బ్యూరో ఏర్పాటైంది. లాహోర్‌లో ఇక్బాల్‌కు గురువైన థామస్ ఆర్నాల్డ్ విద్యా సలహాదారుగా నియమితులయ్యారు. ఆర్నాల్డ్ పండితుడు, భారతీయులతో స్నేహంగా మెలిగినవాడు. అయినా సంస్థకు అంటిన అనుమానాన్ని మనిషి మంచితనం కడిగివేయలేకపోయింది.

అదే ఏడాది జూలై 1న, ఇండియా హౌస్ తెరిచిన నాటికి సరిగ్గా నాలుగేళ్లకు, ఇంపీరియల్ ఇన్‌స్టిట్యూట్‌లో జరిగిన ఒక విందులో ధింగ్రా కర్జన్ వైలీని కాల్చి చంపాడు. వైలీ విద్యార్థుల సంక్షేమాన్ని విచారించిన కమిటీ సభ్యుడు. ధింగ్రా యూనివర్సిటీ కాలేజీలో ఇంజనీరింగ్ విద్యార్థి. ఆ తూటాను ఏ సంక్షేమ పథకమూ ఆపి ఉండేది కాకపోవచ్చు. సామ్రాజ్యాన్ని ద్వేషించడానికి ధింగ్రాకు గది అద్దెను మించిన కారణాలున్నాయి. అయితే ఆ హత్య తరువాత ప్రభుత్వం ఎంచుకున్న దారి గమనించదగినది. విద్యార్థికి సలహా చెప్పే యంత్రాంగానికీ, విద్యార్థిపై కన్నేసి ఉంచే యంత్రాంగానికీ మధ్య గీత చెరిగిపోయింది. సాయం కోరి ఏ తలుపు తట్టినా తన పేరు మరో దస్త్రంలోకి ఎక్కుతుందేమోనన్న శంక విద్యార్థుల్లో పాతుకుపోయింది.

ఆ శంక నిరాధారం కాదనడానికి తెలుగువారికి బాగా తెలిసిన నిదర్శనం ఉంది. గంజాం జిల్లా బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. 1916లో ఈస్టర్ తిరుగుబాటు చెలరేగిన తరువాత, ఐరిష్ జాతీయవాదులతో సంబంధాలున్నాయన్న అనుమానంపై ఆయనను ఐర్లాండ్ విడిచి వెళ్లమన్నారు. తరువాతి కాలంలో స్వతంత్ర భారత రాష్ట్రపతి అయిన వ్యక్తి విద్యార్థి జీవితం అలా గెంటివేతతో ముగిసింది.

1921లో లార్డ్ లిట్టన్ అధ్యక్షతన మరో కమిటీ కూర్చుంది. ప్రభుత్వ శాఖను విద్యార్థులు నిఘా సంస్థగా చూస్తున్నారన్న సంగతి దాని ముందుకూ వచ్చింది. లీ-వార్నర్ కమిటీ నివేదికను అన్నేళ్లూ ప్రభుత్వం బయటపెట్టనేలేదు. 1922లో లిట్టన్ నివేదికతో పాటే అది వెలుగుచూసింది. విద్యార్థుల గురించి రాసిన పత్రాన్ని పదిహేనేళ్లపాటు వారి కంటపడకుండా దాచిన ప్రభుత్వం, వారు తనను నమ్మడం లేదని ఆశ్చర్యపోయింది! ఇదే కాలంలో, 1920లో, కె.టి. పాల్ చొరవతో లండన్‌లో భారతీయ వై.ఎం.సి.ఏ. వసతిగృహం మొదలైంది. భారతీయుల నిర్వహణలో నడిచిన ఆ సంస్థ నేటికీ నిలిచి ఉంది. సలహా బ్యూరో మాత్రం చరిత్ర పరిశోధకుల పాదసూచికల్లోనే మిగిలింది.

స్వతంత్ర భారత నిర్మాతల్లో అనేకులు ఈ అనుభవం గుండా నడిచినవారే. గాంధీ లండన్‌లో, నెహ్రూ కేంబ్రిడ్జిలో, అంబేద్కర్ న్యూయార్క్‌లోని కొలంబియాలో పరదేశి విద్యార్థులు. ఒక దేశపు తొలి తరం నాయకత్వంలో ఇంతమందికి పరాయి గడ్డపై చదివిన అనుభవం ఉండటం చిన్న విషయం కాదు. ఆ జ్ఞాపకం విధానంలోనూ కొంత ప్రతిఫలించింది. 1950లో తొలి విద్యామంత్రి మౌలానా ఆజాద్ భారత సాంస్కృతిక సంబంధాల మండలిని స్థాపించారు. ఆసియా, ఆఫ్రికా దేశాల విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇవ్వడం కాలక్రమంలో దాని ప్రధాన బాధ్యతల్లో ఒకటైంది. అంతకుముందే, 1937లో, రవీంద్రనాథ్ ఠాగూర్ శాంతినికేతన్‌లో చీనా భవన్‌ను ప్రారంభించి చైనా పండితులకు, విద్యార్థులకు ఒక ఇల్లు చూపారు.

ఆ పెట్టుబడి ఫలించింది కూడా. మయన్మార్ నేత ఆంగ్ సాన్ సూచీ ఢిల్లీ లేడీ శ్రీరామ్ కళాశాలలో, అఫ్ఘానిస్థాన్ అధ్యక్షుడైన హమీద్ కర్జాయ్ సిమ్లాలో, నేపాల్ ప్రధాని అయిన బాబూరామ్ భట్టరాయ్ జేఎన్‌యూలో, మలావి అధ్యక్షుడైన బింగు వా ముతారికా ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చదివారు. దౌత్యవేత్తలు దశాబ్దాలు శ్రమించినా సాధించలేని సాన్నిహిత్యాన్ని తరగతి గది సంపాదించిపెట్టింది. విదేశాంగ శాఖ ఈ పేర్ల జాబితాను గర్వంగా వల్లిస్తుంటుంది. కానీ నేతలైన నలుగురి పేర్లు చెప్పుకునే తీరిక, అద్దె గది దొరకని నాలుగు వందల మంది గురించి ఆలోచించే దగ్గరకు వచ్చేసరికి ఉండదు. ఉపకార వేతనం ఢిల్లీ నుంచి మంజూరవుతుంది. దైనందిన జీవితం మాత్రం ఇంటి యజమాని, ఆటో డ్రైవర్, కాలనీ సంఘం దయకు వదిలివేయబడుతుంది.

ఆ వదిలివేతకు మూల్యం ఏమిటో గత పదేళ్లు చూపాయి. 2016 జనవరి చివర బెంగళూరు శివారులో వేరొకరి కారు ప్రమాదానికి ప్రతీకారంగా ఒక టాంజానియా విద్యార్థినిపై మూక దాడి చేసింది. ఆ ఏడాది మే నెలలో ఢిల్లీలో కాంగో యువకుడు హత్యకు గురయ్యాడు. ఆఫ్రికా దేశాల రాయబారులు ఆఫ్రికా దినోత్సవాన్ని బహిష్కరిస్తామనేవరకు పరిస్థితి వెళ్లింది. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులను ఒక మాల్‌లో వెంటాడి కొట్టారు. ప్రతిసారీ కేంద్రం ఇచ్చిన సమాధానం ఒకటే తీరు: ఇవి నేర ఘటనలు, జాతి వివక్ష కాదు. ఈ సమాధానం ఎడిన్‌బరోలోనూ లండన్‌లోనూ వెనకటి తరం భారతీయ విద్యార్థులు విన్నదే.

ఇటీవలి ఘటనలు విశ్వవిద్యాలయం ప్రహరీ లోపలే జరిగాయి. 2024 మార్చి 16 రాత్రి, రంజాన్ మాసంలో, అహ్మదాబాద్‌లోని గుజరాత్ విశ్వవిద్యాలయ వసతిగృహంలో నమాజు చేస్తున్న విదేశీ విద్యార్థులపై గుంపు దాడి చేసింది. 2025 ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో నేపాలీ విద్యార్థిని ఆత్మహత్య చేసుకుంది. న్యాయం కోరిన ఆమె సహాధ్యాయులను ఊరడించవలసిన యాజమాన్యం, నేపాలీ విద్యార్థులంతా ప్రాంగణం ఖాళీ చేయాలని హుకుం జారీ చేసింది. పిల్లలను బస్సుల్లో తీసుకెళ్లి కటక్ రైల్వేస్టేషన్‌లో దింపేశారు. ఖాట్మండూలో ప్రధాని స్థాయిలో స్పందన వచ్చిన తరువాత క్షమాపణలు, వెనక్కి రమ్మన్న పిలుపులు వెలువడ్డాయి. ఫిర్యాదు చేసిన విద్యార్థిని పరాయివాడిగా ప్రకటించి సాగనంపడం గిరికి డబ్లిన్‌లో జరిగినదానికి ఎంత దగ్గరగా ఉందో వేరే చెప్పనక్కర్లేదు.

విధాన పత్రాలలో లోటేమీ లేదు. విదేశీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో వారిని స్వాగతించి, తోడ్పాటునందించే ప్రత్యేక కార్యాలయం ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. 2018లోనే ‘స్టడీ ఇన్ ఇండియా’ కార్యక్రమం మొదలైంది. ఇన్ని ఉన్నా, 2019-20 ఉన్నత విద్యా సర్వే లెక్కల ప్రకారం దేశంలోని విదేశీ విద్యార్థులు 49,348 మంది. వీరిలో దాదాపు 28 శాతం నేపాలీలు. మొత్తం 3.85 కోట్ల విద్యార్థుల్లో ఇది వెయ్యికి ఒకరికంటే కాస్త ఎక్కువ. మరోవైపు, విదేశాల్లో చదువుతున్న భారతీయ విద్యార్థులు 2024 నాటికి 13 లక్షలు దాటారు.

కార్యాలయం బోర్డు తగిలించినంత మాత్రాన విద్యార్థికి అండ దొరకదు. దీర్ఘకాలిక వీసాపై వచ్చిన విద్యార్థి పద్నాలుగు రోజుల్లో విదేశీయుల నమోదు అధికారి వద్ద పేరు రాయించుకోవాలి. ఇంట్లో ఉంచుకున్న యజమాని ఆ వివరాలు సమర్పించాలి. విద్యాసంస్థ తన వంతు వివరాలు పంపాలి. ఏ సార్వభౌమ దేశానికైనా ఇది తప్పని పని, ఇందులో ఆక్షేపించవలసినది లేదు. చిక్కు వచ్చేది, ఈ ఫారాలు నింపే గుమాస్తానే విద్యార్థి గోడు వినే ఏకైక అధికారి అయినప్పుడు. వీసా పొడిగింపు ఎవరి సంతకంపై ఆధారపడి ఉందో వారి దగ్గరే వార్డెన్‌పై ఫిర్యాదు చేసే సాహసం ఎవరికుంటుంది? లీ-వార్నర్ చేసిన పొరపాటు ఇదే. ఇక ప్రభుత్వమే ఒక్క కలంపోటుతో తలుపు మూసిన సందర్భమూ ఉంది. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల వశమయ్యాక, అఫ్ఘన్లకు అంతకుముందు ఇచ్చిన వీసాలను భారత్ రద్దు చేసింది. కొవిడ్ కాలంలో ఇంటికి వెళ్లి చదువు మధ్యలో చిక్కుకుపోయిన అఫ్ఘన్ విద్యార్థుల గోడు ఢిల్లీ చెవిన పడలేదు.

ఈ ప్రశ్న తెలుగు నేలకు దూరమైనదేమీ కాదు. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాలు దశాబ్దాలుగా ఆసియా, ఆఫ్రికా విద్యార్థులను చేర్చుకుంటున్నాయి. హైదరాబాద్ టోలిచౌకిలో అరబ్బీ, సొమాలీ, సూడానీ గొంతులు వినిపించని రోజుండదు. 2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం వేలాది విదేశీ విద్యార్థుల నమోదు రికార్డులను అర్ధాంతరంగా రద్దు చేసి, కోర్టుల్లో ఎదురుదెబ్బలు తిన్నాక పునరుద్ధరించినప్పుడు, తెలుగు రాష్ట్రాల్లో అనేక ఇళ్లలో తల్లిదండ్రులు నిద్రపోలేదు. ఖాట్మండూలోనో, లాగోస్‌లోనో ఒక తల్లి అదే రీతిలో నిద్రకు దూరమైన రాత్రులు ఉన్నాయన్న స్పృహ ఆ ఇళ్లకు సహజంగానే కలగాలి.

విశ్వగురువు హోదా గురించి మాట్లాడే ప్రతి వేదికపై నలందా పేరు మార్మోగుతుంది. నలందా శిథిలాల్లో 1921లో దొరికిన ఒక తామ్రశాసనం మాత్రం ఉపన్యాసాలలో వినిపించదు. తొమ్మిదో శతాబ్దిలో సువర్ణద్వీపాన్నేలిన శైలేంద్ర రాజు బాలపుత్రదేవుడు నలందాలో ఒక విహారం కట్టించాడు. ఆయన కోరికపై పాల చక్రవర్తి దేవపాలుడు అయిదు గ్రామాల రాబడిని దానికి దానమిచ్చాడు. ఆ రాబడి దేనికి వినియోగించాలో శాసనం చెబుతుంది: భిక్షువుల తిండికి, బట్టకు, పడకకు, మందులకు, గ్రంథాల రాతకు, విహారం పాడైతే మరమ్మతుకు. సముద్రం అవతలి రాజు భవనం కట్టిస్తే, ఆతిథ్య దేశపు రాజు నిత్య నిర్వహణ ఖర్చు భరించాడు. నలందా ఘనత వెనుక తాత్విక చర్చలతో పాటు అన్నం, మందుల లెక్క కూడా ఉంది.

నేడు కావలసిందీ ఆ లెక్కే. ప్రతి విదేశీ విద్యార్థికి కనీసం తొలి ఏడాది ప్రాంగణంలో గది హామీగా ఇవ్వాలి. నమోదు బాధ్యతలతో నిమిత్తం లేని ఒక ప్రత్యేక అధికారి వారి ఫిర్యాదులు వినాలి. వసతిగృహ కమిటీల్లో, విద్యార్థి సంఘాల్లో వారికి ప్రాతినిధ్యం ఉండాలి. దాడి జరిగినప్పుడు దానికి ఏ పేరు పెట్టాలో తేల్చే ముందు బాధితుల మాట రికార్డు కావాలి. వీటిలో ఏదీ ఖజానాను ఖాళీ చేసేది కాదు. నూట ఇరవై ఏళ్ల కిందట హైగేట్‌లో గది కోసం వచ్చిన భారతీయ యువకుడు లండన్‌ను అడిగింది కూడా ఇంతకంటే ఎక్కువేమీ కాదు. లండన్ ఆనాడు అతనికి గది ఇవ్వకుండా దస్త్రం తెరిచింది, దాని ఫలితాన్ని సామ్రాజ్యం అనుభవించింది. నేపాల్ నుంచి, నైజీరియా నుంచి వచ్చిన యువతకు ఏం ఇవ్వాలో నిర్ణయించవలసిన వంతు ఇప్పుడు భారత్‌ది.