వెట్టి నుండి ఓటు వరకు

వైరా జలాశయము క్రింద పండిన పొలములను చూచువారికి, అది వెలసిన 1930 ప్రాంతమున ఈ సీమలో చేసిన పనికెల్ల కూలి దొరకెడిది కాదని చెప్పినచో వింతగా తోచును. నిజాము రాజ్యమున కుమ్మరి కుండలను, మాదిగ చెప్పులను, చాకలి తన చాకిరిని దొరకును, గిర్దావరుకును ఊరక ఈయవలసినదే. అదియే వెట్టి. అప్పు పేరిట తండ్రి తరువాత కొడుకును దొర యింట కట్టివేయు భగేలా పద్ధతి దానికి తోబుట్టువు.

1921 లో హైదరాబాదునందలి ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగున మాటాడబోగా సభికులు అల్లరి చేసిరి. ఆ అవమానమునుండి ఆంధ్ర జన సంఘము పుట్టినది. భాష కొరకు మొదలైన పని వెట్టి వరకు పోవుటకు ఎంతో కాలము పట్టలేదు. మాడపాటి హనుమంతరావు గారు మొదలగు పెద్దలకు కరపత్రములు, వినతిపత్రములు, తీర్మానములే ఆయుధములు. 1930 లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ తొలిసారి కూడినది. సర్కారు అనుమతి లేనిదే సభ జరుగని కాలమది, రాజకీయముల ఊసెత్తరాదు. ఈ మెత్తదనమును నేడు పరిహసించుట సులభమే. కాని వెట్టి బ్రహ్మ వ్రాసిన వ్రాత కాదని ఊరూర చెప్పుటయే అప్పటికి సాహసమని మా తలంపు.

అమెరికాలో బానిసత్వమును ఎదిరించినవారికిని ఇట్టి చిక్కే వచ్చినది. ఓట్ల రాజకీయము మలినమని గారిసన్ దూరముగా నిలిచెను. తక్కినవారిలో కొందరు 1840 లో లిబర్టీ పార్టీ పెట్టి బర్నీని అధ్యక్ష పదవికి నిలిపిరి. వచ్చినవి ఏడువేల ఓట్లు. ఇరువది యేండ్లకు లింకన్ గెలిచెను. అయితే వారి చేతిలో ఓటైన ఉండెను. మన వెట్టివానికి అదియు లేదు. ఇచట పార్టీ ముందు వచ్చినది, ఓటు తరువాత వచ్చినది.

ఖమ్మము ఈ మార్పునకు రెండుమార్లు సాక్షి. 1934 లో మహాసభ అచట కూడినపుడు అది విన్నపముల సభ. 1945 లో మరల కూడునాటికి రైతుకూలీల సంఘము. నడుమ భువనగిరి సభ కలదు: 1944 లో రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన సభ్యత్వపు రుసుము నాలుగణాల నుండి అణాకు దిగినది. మితవాదులు వేరుపడిరి. చూచుటకు చిన్న లెక్క, కాని కూలి యెరుగని చేతికి అందునది ఆ అణాయే.

1946 జులై 4 న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగెను. పోరాటము 1951 వరకు సాగినది. మరుసటి యేట నల్లగొండ ఓటర్లు నారాయణరెడ్డి గారిని దేశమునందెల్ల మిక్కిలి ఓట్లతో పార్లమెంటుకు పంపిరి. కట్టుబానిసల బాకీలను దేశమంతట రద్దుచేయు చట్టమునకు మాత్రము 1976 వరకు వేచియుండవలసి వచ్చినది.