బారీ ఎవరిది? అమెరికా లారీ డ్రైవర్ల సీనియారిటీ తారీఖ్

లారీ మీద గుజారా చేసే మన ఖాందాన్లకి సీరియల్ నంబరు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. యూనియన్ ఆఫీసులో ముందు పేరు రాయించుకున్న బండికి ముందు లోడ్. ఎవరి బారీ వాళ్ళది. మధ్యలో ఇంకెవడైనా దూరితే ఆ రోజు అక్కడ ఝగడానే. ఇదే బారీ గురించి అమెరికా లారీ డ్రైవర్లు ఏళ్ళ తరబడి జంగ్ చేశారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ తారీఖ్ మనమూ తెలుసుకోవాల్సిందే.

అక్కడి సరుకు కంపెనీల్లో రెండు రకాల డ్రైవర్లుంటారు. సిటీ డ్రైవర్లు పగలంతా దుకాణాలూ కార్ఖానాలూ తిరిగి చిన్న చిన్న సామాను టెర్మినల్‌కి చేరుస్తారు. సాయంత్రం మజ్దూర్లు ఏ ఊరి సామాను ఆ ఊరి ట్రైలర్‌లోకి ఎక్కిస్తారు. ఆ ట్రైలర్లను రాత్రంతా నడిపి ఇంకో ఊరి టెర్మినల్‌కి చేర్చేవాళ్ళే లైన్‌హాల్ డ్రైవర్లు. కొన్ని రూట్లలో ఇద్దరు డ్రైవర్లు చెరో వైపు నుంచి బయల్దేరి సగం దారిలో కలుస్తారు. ట్రైలర్లు మార్చుకొని ఎవరి ఊరికి వాళ్ళు తిరిగొస్తారు. తెల్లారేసరికి ఇంట్లో ఉంటారు.

ఏ ట్రైలర్ ఎవరికి, ఎన్ని గంటలకి అని చెప్పేవాడు డిస్పాచర్. చూడటానికి చిన్న నౌకరీ. కానీ డ్రైవర్ నిద్ర, కమాయి, ఇంటి జిందగీ అన్నీ అతని చేతిలోనే.

యూనియన్లు లేని జమానాలో అది పూర్తిగా అతని మర్జీ. తనకు నచ్చినవాడికి మంచి రూటు, నోరెత్తినవాడికి నాలుగు రోజులు ఏ రూటూ లేదు. టెర్మినల్‌లో కూర్చొని ఎదురుచూసిన గంటలకి పైసా రాదు. 1934లో మినియాపొలిస్‌లో ట్రక్ డ్రైవర్లు హర్తాళ్ చేశారు. జూలై 20న పోలీసులు వాళ్ళ మీద గోలీలు పేల్చారు. ఇద్దరి జాన్ పోయింది. అయినా వాళ్ళు వెనక్కి తగ్గలేదు. వాళ్ళ లీడర్లలో ఒకడైన ఫారెల్ డాబ్స్ తర్వాత ఊరి నుంచి ఊరికి తిరిగే డ్రైవర్లను ఒక్కటి చేశాడు. 1938లో 11 రాష్ట్రాలకు కలిపి ఒకే ఒప్పందం కుదిరింది. డాబ్స్ దగ్గర ఈ పని నేర్చుకున్న జిమ్మీ హోఫా 1964 జనవరిలో దాదాపు 4 లక్షల మంది డ్రైవర్లకు దేశమంతటా ఒకే కాంట్రాక్టు సాధించాడు.

ఇలాంటి కాంట్రాక్టులతో గోడ మీద సీనియారిటీ లిస్టు వచ్చింది. కాంట్రాక్టు చెప్పిన గడువుకొకసారి రూట్లన్నీ గోడ మీద అంటిస్తారు. నౌకరీలో అందరికన్నా ముందు చేరినవాడు ముందు ఎంచుకుంటాడు. ఎంచుకోవడానికి ఏ రూటూ మిగలని కొత్తవాళ్ళు ఎక్స్‌ట్రా బోర్డు మీద ఉంటారు. వాళ్ళకు ఎప్పుడు ఫోన్ వస్తుందో తెలీదు. వచ్చిందంటే రెండు గంటల్లో బండి దగ్గరుండాలి. బిడ్డ సాల్‌గిరా అయినా, అమ్మీ బీమార్‌గా ఉన్నా అంతే. కానీ అక్కడ కూడా బారీ ప్రకారమే పిలవాలి. డిస్పాచర్ ఆ లిస్టు దాటితే డ్రైవర్ ఫిర్యాదు చేసి, పోయిన కూలీ వసూలు చేసుకోగలడు. ఒక గరీబు మజ్దూరు చేతికి ఇంత హక్కు రావడం చిన్న విషయం కాదు.

కానీ ఆ లిస్టులో ఎవరి పేర్లున్నాయి?

టి.ఐ.ఎం.ఈ.-డి.సి. అనే పెద్ద సరుకు కంపెనీ ఉండేది. 1971 మార్చి నాటికి దాంట్లో 1,828 మంది లైన్ డ్రైవర్లు. వాళ్ళలో నల్లజాతివాళ్ళు 8 మంది. స్పానిష్ పేర్లున్నవాళ్ళు 5 మంది. షికాగోలో పనిచేసిన ఒకే ఒక్కణ్ణి మినహాయిస్తే, 1969 దాకా ఆ కంపెనీ ఒక్క నల్లజాతి మనిషికీ పక్కా లైన్ డ్రైవర్ నౌకరీ ఇవ్వలేదు. వాళ్ళకు దొరికింది సిటీ డ్రైవర్ పనో, బండ్లు సాఫ్ చేసే పనో.

కేసు పడ్డాక దర్వాజా కొంచెం తెరుచుకుంది. అక్కడే అసలు మతలబు. సిటీ డ్రైవర్ల లిస్టు వేరు, లైన్ డ్రైవర్ల లిస్టు వేరు. పదిహేనేళ్ళు సిటీలో మెహనత్ చేసినవాడు లైన్‌లోకి మారాలంటే తన సీనియారిటీ మొత్తం వదులుకొని నిన్న చేరిన కుర్రాడి కింద నిలబడాలి. మళ్ళీ ఎక్స్‌ట్రా బోర్డు, మళ్ళీ అర్ధరాత్రి ఫోన్లు. పని తగ్గితే ముందు బయటికి పోయేదీ అతనే. అంత నష్టానికి ఎవరు సిద్ధపడతారు?

1977 మే 31న సుప్రీంకోర్టు ఫైసలా చెప్పింది. కంపెనీ జాతి చూసి జుల్మ్ చేసిన మాట నిజమే అంది. కానీ సీనియారిటీ పద్ధతిని కొట్టేయలేదు. వివక్షను ఆపే చట్టం 1965 జూలై 2న అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత అడిగి కాదనిపించుకున్నవాళ్ళకి వెనకటి తేదీ నుంచి సీనియారిటీ ఇవ్వొచ్చు అంది. ఎలాగూ ఇవ్వరని అసలు దరఖాస్తే పెట్టనివాళ్ళు, తాము నిజంగా అడిగేవాళ్ళమేనని సాబిత్ చేసుకుంటే వాళ్ళకూ ఇవ్వొచ్చు అంది. చట్టానికి ముందు నష్టపోయినవాళ్ళకి మాత్రం ఏమీ లేదు. ఇది న్యాయం కాదని జస్టిస్ థర్‌గుడ్ మార్షల్, జస్టిస్ బ్రెనన్ విడిగా రాశారు.

మనసులో ముల్లులా ఉండే మాట ఇది. డిస్పాచర్ మర్జీ నుంచి కాపాడిన లిస్టే, లోపలికి రానివ్వని వాళ్ళకి గోడ అయింది. లైన్‌లో ఉన్నవాళ్ళకి బారీ ఇన్సాఫ్. ఆలస్యంగా రానిచ్చినవాడికి అదే బారీ పాత జుల్మ్‌కి రసీదు.

1980 చట్టంతో సరుకు రవాణాలో పోటీ పెరిగింది. యూనియన్ కంపెనీలు ఎన్నో మూతపడ్డాయి. 1924లో మొదలైన యెల్లో కంపెనీ 2023లో మూతపడితే దాదాపు 30 వేల మంది నౌకరీలు పోయాయి. కంపెనీతో పాటే దాని సీనియారిటీ లిస్టూ పోయింది. ఇరవై ఏళ్ళు నడిపినవాడు కూడా కొత్త చోట మళ్ళీ అడుగు నుంచి మొదలుపెట్టాల్సిందే.

నౌకరీ అయినా, సీటు అయినా, ‘అందరికీ ఒకే రూల్’ అని ఎవరైనా మనకు చెప్పినప్పుడు ఆ రూల్ మంచిదా చెడ్డదా అని మాత్రమే చూస్తే చాలదు. లైన్ మొదలైనప్పుడు దర్వాజా ఎవరికి తెరిచారు, ఎవరికి మూశారు అనేది కూడా అడగాలి.